మెట్లు పీకించిందెవరు?

“ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దు. ఇదిప్పుడు క్రైమ్ సీన్,” అన్నాడు మహీధర్.

ముట్టుకోవడానికి అక్కడేం మిగిలిందో భువనకి అర్థం కాలేదు. ఇవాళ పొద్దుటి దాకా మెట్లున్న చోట ఇప్పుడు గోడ మీద ఏటవాలుగా ఓ మచ్చ ఉంది, అద్దం మీద స్టిక్కర్ బొట్టు పీకేస్తే మిగిలే జిగురు మరకలాగా. ఆ మచ్చ కొసన, పై అంతస్తులోకి తెరుచుకున్న చదరపు కంత. ఆ కంతలోంచి కిందికి చూస్తున్న ఒక తల. తల లీలావతిది. ఆవిడ మహీధర్‌కి తల్లి, భువనకి అత్తగారు, ఈ ఉదయం నుంచి మేడ మీద ఖైదీ.

“నీ క్రైము తగలెయ్య! ముందు నన్ను దింపరా,” అంది తల.

“ఎలా దింపనమ్మా? మెట్లేవీ?”

“అదే నేనూ అడుగుతున్నా. నేనెక్కినప్పుడున్నాయిగా!”

ఉన్నాయి. వాస్తు చూసుకోవడానికి లీలావతి పొద్దున్నే టాక్సీలో వచ్చి, ఆ మెట్ల మీదుగానే పైకెక్కింది. ముందుగదిలోకి వెళ్లి, తలుపేసుకుని, కొడుకు పుట్టినరోజుకి కొనిచ్చిన హెడ్‌ఫోన్స్ చెవులకి తగిలించుకుని విష్ణు సహస్రనామం పెట్టుకుంది. బయటి చప్పుడు చెవిన పడనివ్వని ఆ హెడ్‌ఫోన్స్ ఎంత నాణ్యమైనవంటే, వెయ్యి నామాలు పూర్తయ్యేలోగా కింద పనివాళ్లు మెట్లన్నీ రంపాలతో కోసేసి, లారీకెక్కించి పంపించేశారు. మహీధర్ ప్రేమగా కొన్న వస్తువు చెప్పినట్టు పనిచేయడం ఆ కుటుంబ చరిత్రలో ఇదే మొదటిసారి.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పాత ఇల్లు బాగుచేసి చూడు అని మాత్రం అనలేదు. అంతటి పగ వాళ్లకి ఎవరి మీదా ఉండి ఉండదు.

సింగపూర్‌లో జూ చియాట్ అనే పేటలోని ఆ ఇల్లు నూరేళ్లనాటి షాప్‌హౌస్. కింద కొట్టు, పైన కాపురం, ముందు వానకి తడవకుండా నడిచిపోయే వరండా, నడిమధ్యన నెత్తి మీద ఆకాశం. ఆ నడిమి ఖాళీని ఇక్కడివాళ్లు ఎయిర్‌వెల్ అంటారు. మనం మండువా అనుకుంటే సరిపోతుంది. పరిరక్షణ జాబితాలోకి ఎక్కిన ఇల్లు కాబట్టి సొంతదారుడు దాన్ని కొనుక్కోవచ్చు, పన్ను కట్టుకోవచ్చు, కావాలంటే హారతివ్వచ్చు. గోడ కదపాలంటే మాత్రం అనుమతి కావాలి.

ఆ అనుమతి తెచ్చింది భువన. ఆమె ఆర్కిటెక్ట్. ఇన్నేళ్లూ ఇంకొకరి పేరు మీద షాపింగ్ మాల్స్‌లో టాయిలెట్లు గీసి గీసి, మొదటిసారి తన పేరు మీద, తన పూచీతో ఒక ఇల్లు చేపట్టింది. అదీ సొంత ఇల్లు, మొగుడి పేరు మీద కొన్నది. ఇప్పుడుంటున్న పుంగ్గోల్ ఫ్లాట్‌లో మొగుడు, ఇద్దరు పిల్లలు, ఒక అత్తగారు, ఆ అత్తగారి దేవుళ్లు మోచేతులు తగిలించుకుంటూ బతుకుతున్నారు. వాళ్లందరినీ ఈ ఇంట్లోకి విశాలంగా పరవాలని ఆమె ఆశ. కింద పెద్ద వంటగది, మండువా చుట్టూ భోజనాలు, పైన పడకగదులు. పరిరక్షణ శాఖవాళ్లు అన్నిటికీ ఒప్పుకున్నారు, ఒకే షరతు మీద: పాత టేకు మెట్లు ఉన్నవి ఉన్నట్టు ఉండాలి. ఉంటాయని భువన సంతకం పెట్టింది. ఆ మాట నిలబడకపోతే ఇల్లు ఆగిపోతుంది. ఇంటికంటే ముందు ఆమె లైసెన్సు ఆగిపోతుంది.

ఆ మెట్లని చూడటానికే పరిరక్షణ అధికారి మిస్ ఖూ ఇవాళ లంచ్ తర్వాత వస్తోంది. మిగతా ఇల్లు ఎలా ఉన్నా ఆవిడకి పట్టదు. మెట్లు చూసి పోతానంది.

వెనకవైపు ఇసుక జల్లెడ పడుతున్న ఇద్దరు పనివాళ్లని అడిగితే “బాస్ సొన్నార్” అన్నారు. బాస్ చెప్పాడట. బాస్ అంటే కాంట్రాక్టర్ గణపతి. తాతల నాడే సింగపూర్‌లో స్థిరపడిన తమిళుడు. తెలుగువాళ్ల ఇళ్లల్లో పనిచేసి ముక్కలు ముక్కలుగా తెలుగు పట్టుకున్నాడు. ఇల్లు యూ టీ అనే పేటలో, సామాన్ల షెడ్డు ఊరి కొసన క్రాంజీలో. మెట్లతో పాటు ప్రస్తుతం ఆ రెండింటి మధ్య ఎక్కడో లారీలో ఉన్నాడు. బండి నడిపేటప్పుడు ఫోన్ ఎత్తడు. చట్టమంటే అంత భయం.

“మూడే ప్రశ్నలు, భువనా,” అన్నాడు మహీధర్, చొక్కా చేతులు పైకి మడుస్తూ. “లాభం ఎవరికి? అవకాశం ఎవరికి? అబద్ధం ఎవరిది?”

“నాలుగోది కూడా ఉంది. అత్తయ్యకి టిఫిన్ ఎవరు పంపుతారు?”

మహీధర్ ఒక బ్యాంకులో మోసాలు కనిపెట్టే విభాగానికి అధికారి. ఆఫీసులో జీతానికి అనుమానిస్తాడు, ఇంట్లో ఉచితంగా అనుమానిస్తాడు. ఫ్రిజ్‌లో మామిడిపండు కనబడకపోతే పిల్లల్ని విడివిడి గదుల్లో కూర్చోబెట్టి ప్రశ్నించే రకం. మెట్లు పోయినందుకు బాధ ఉందో లేదో గానీ, ఇంట్లోనే ఒక కేసు దొరికినందుకు అతని మొహం వెలిగిపోతోంది.

భువన సిమెంటు బకెట్ ఒకటి కడిగి, తాడు కట్టి, కొస పైకి విసిరింది. లీలావతి మండువా వైపు కిటికీలోంచి అందుకుని ఇడ్లీ పొట్లం పైకి లాక్కుంది. విచారణ మొదలైంది.

“అమ్మా, ఈ మెట్లు తీసెయ్యమని నువ్వు మొత్తం ఎన్నిసార్లు అని ఉంటావు?”

“లెక్కెట్టుకున్నానేవిట్రా? రోజూ అన్నాను. ఈశాన్యంలో మెట్లేవిటి, చోద్యం కాకపోతే! ఈశాన్యం మీద బరువుంటే ఆ ఇంట్లో మగాడి బుర్ర పనిచెయ్యదంటారు.”

“చూశావా భువనా, మోటివ్!”

“మోటివ్వో గీటివ్వో. నేను పైనుండగా మెట్లు కోయించుకునేంత మతిమాలినదాన్నా?”

“అలా అనుకోవాలనే పైన కూర్చున్నావేమో. మా ఆఫీసులో దీన్ని ఆలిబీ అంటాం.”

“మా రాజమండ్రిలో దీన్ని కన్నతల్లి మీద నింద వెయ్యడం అంటాం. చట్నీ ఏదిరా? ఉత్త ఇడ్లీలు పంపారు!”

భువన చట్నీ పంపింది. ఖైదీ నోరు కాస్త మెత్తబడింది.

“దాపరికం దేనికి, గణపతితో కూడా అన్నాను,” అంది లీలావతి. “నిన్న ఫోన్ చేసి, నాయనా ఆ మెట్లు పీకెయ్యి, పుణ్యముంటుంది అన్నాను. వాడు నన్ను పాట్టీ అంటాడు, అంటే బామ్మ అని. ‘నో పాట్టీ, సార్ చెప్పకపోతే క్యానాట్’ అన్నాడు. ఎంత బుద్ధిమంతుడో. మావాళ్లే ఉన్నారు, ఒక్కరూ నా మాట విననివాళ్లు.”

“సార్ చెప్పకపోతే కాదన్నాడా?” అంది భువన, మొగుడివైపు తిరిగి.

“అంటే ఏమిటి?” అన్నాడు మహీధర్, చూపుడువేలు ఎత్తి. “ఎవరో నా పేరు వాడుకున్నారు! క్లాసిక్ కేసు. నాలాగా ఫోన్‌లో మాట్లాడారు. మా బ్యాంకులో ఇలాంటివి చూస్తూనే ఉంటాను.”

తన మొగుడి గొంతు అనుకరించేంత తీరిక సింగపూర్‌లో ఎవరికుందా అని భువన ఆలోచించింది. ఎవరూ తట్టలేదు. మహీధర్‌కి మాత్రం వెంటనే తట్టింది.

“అఖ్తర్,” అన్నాడు గొంతు తగ్గించి.

పక్కింటి అఖ్తర్ హైదరాబాదువాడు. నిరుడే తన షాప్‌హౌస్ బాగుచేయించుకుని, ఆ పుణ్యాన జుట్టంతా తెల్లబరుచుకున్నాడు. ఆ టేకు మెట్లు చూసినప్పుడల్లా నిట్టూర్చేవాడు. “ఎప్పుడన్న తీసేస్తే గా కట్టె నాకియ్యుండ్రి,” అని ఒకసారి అన్నాడు కూడా. ఇప్పుడు అతని వరండాలో గోడవార నీలం టార్పాలిన్ కింద ఏదో గుట్టగా ఉంది. నిన్న అది లేదని మహీధర్ ఒట్టేసి చెప్పాడు.

ఇద్దరూ పక్కింటి ముందుకి వెళ్లేసరికి అఖ్తర్ చాయ్ కప్పుతో బయటికొచ్చాడు.

“సలామ్ భాయ్! ఏంది భాభీ, పొద్దుగాల్నే లొల్లి? లీలా ఆంటీ మండువాలకెల్లి ఒర్లుతుంటే మా ఇంట్లకు మంచిగ ఇనబడ్తుంది.”

“అఖ్తర్ భాయ్, ఆ టార్పాలిన్ కింద ఏముంది?” అన్నాడు మహీధర్, లిఫ్టులో దొంగని పట్టుకున్న సెక్యూరిటీ గార్డు గొంతుతో.

అఖ్తర్ మొహం పాలిపోయింది. “అది... ఏం లేదు భాయ్. గట్లనే ఉంది.”

మహీధర్ ఒక్క ఊపున టార్పాలిన్ లాగేశాడు. కింద చెక్కలే. కానీ తెల్లటి, ఫ్యాక్టరీ చెక్కలు, మధ్యలో సంచీడు మరలు, ఒక అద్దం. విడదీసిన బట్టల అల్మారా.

లోపల్నుంచి అఖ్తర్ భార్య ఖదీజా గొంతు వినబడింది. “ఏమండీ! నా అల్మారీ బిగిస్తానని విప్పి, పాడైందని పడేసినన్నరు గదా! అది గాదా అది?”

“కొంప ముంచిండ్రు భాయ్,” అన్నాడు అఖ్తర్ నీరసంగా. “మల్ల బిగించుడు రాక దాచిన. ఇగ నేను లోపటికి పోవుడు కష్టమే. మీ పైగదిల ఆంటీ పక్కన జాగా ఉంటే చెప్పుండ్రి.”

భువన నవ్వాపుకోలేకపోయింది. మహీధర్ మాత్రం తొణకలేదు. నిందితుడు తప్పించుకుంటే అతన్ని సాక్షిని చేయడం అతనికి తెలుసు.

“పొద్దున ఏమైనా చూశావా?”

“జూసిన. గణపతి మనుషుల్ని నిలువనిస్తలేడు. జల్దీ జల్దీ అని ఒకటే తోలుడు. ఏందన్నా, గింత పరేషాన్ ఏమొచ్చింది అనడిగిన. ‘ఆర్డర్ భాయ్, ఆర్డర్’ అన్నడు. చాయ్ ఇస్తే తాగలె. గణపతి చాయ్ వద్దన్నడంటే మామూలు సంగతి గాదని అప్పుడే అనుకున్న.”

వాళ్లు తిరిగొచ్చేసరికి లారీ వచ్చి ఆగింది. లారీ వెనక, పెళ్లికూతుర్ని మోసుకొచ్చినట్టు పాత దుప్పట్లు పరిచి, వాటి మీద మెట్లు. మెట్లని మోసే పక్క దూలాలు నడిమికి తెగి ఉన్నాయి. పువ్వులు చెక్కిన అడుగు స్తంభం ఒక్కటే నిక్షేపంగా ఉంది.

గణపతి కిందికి దూకాడు. చెమటతో తడిసిన మొహం నిండా నవ్వు, మాట చివర సింగపూర్‌వాళ్లు తగిలించే ‘లా’.

“మేడమ్, ఫినిష్! క్రాంజీ షెడ్డులో ప్లేస్ లేదు లా, అందుకే మళ్లీ తెచ్చాను. సార్ హ్యాపీ ఆ?”

అతను ఇద్దరి మొహాలూ చూశాడు. గణపతి నవ్వు మెల్లగా సర్దుకుంది.

“గణపతీ,” అంది భువన, “ఈ మెట్లు ఉంచాలని నీకు తెలుసు కదా. డ్రాయింగ్‌లో ఎర్ర గీత గీసి మరీ చూపించాను.”

“తెలుసు మేడమ్. బట్ ఆర్డర్ వచ్చింది. అప్రూవల్ మారింది అనుకున్నాను. మీకు ఫోన్ చేశాను, మీరు మీటింగ్, కట్ చేశారు.”

అది నిజమే. భువన పళ్లు బిగించింది. “ఆర్డర్ ఎవరిచ్చారు?”

గణపతి మహీధర్ వైపు చూశాడు, మళ్లీ నేల చూశాడు. “సార్.”

“నేనా!” మహీధర్ గొంతు లేచింది. “నా నోటితో నేను చెప్పానా, మెట్లు తియ్యమని?”

“మీ నోటితోనే సార్. నిన్న సాయంత్రం. మీరు ట్రైన్‌లో ఉన్నారు. నేనడిగాను: సార్, పాట్టి మెట్లు తీసేయమంటున్నారు, ఎట్లా? మీరు చెప్పారు.”

“ఏం చెప్పాను? ఒక్కటే ముక్కన్నాను, ‘ఇప్పుడవసరమా?’ అని!”

“అదే సార్!” గణపతి ఉత్సాహంగా చేతులు చాచాడు. “అదే! కరెక్ట్‌గా అదే అన్నారు!”

“విన్నావా భువనా? ఒప్పుకున్నాడు!”

“విన్నారా మేడమ్? సార్ ఒప్పుకున్నారు!”

ఇద్దరూ గెలిచినవాళ్లలాగా భువన వైపు తిరిగారు. భువన బుర్ర గిర్రున తిరిగింది. ఇద్దరు మనుషులు ఒకే మాట మీద నిలబడి, ఒకరినొకరు అబద్ధాలకోరని అనడం ఆమె ఇంతవరకూ చూడలేదు.

మహీధర్ ఆ మాట అని ఉంటాడన్నదాంట్లో ఆమెకి సందేహం లేదు. అతను అనే మాటే అది. భువన పైచదువు చదువుతానంటే “ఇప్పుడవసరమా?” అన్నాడు. పిల్లలు పిల్లిని పెంచుకుంటామంటే “అవసరమా?” అన్నాడు. ఈ ఇల్లు కొందామంటే, విషయం పెద్దది కాబట్టి, రెండుసార్లు అన్నాడు. తెలుగులో ‘వద్దు’ అనే మాట ఒకటుందనీ, రెండక్షరాల్లో పని తెమిలిపోతుందనీ అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు. వద్దంటే ఉత్త మొగుడు. అవసరమా అంటే తెలివైన మొగుడు.

అదీ ఎవరితో పడితే వాళ్లతో తెలుగులోనే అంటాడు. గణపతితో ఇంగ్లిష్‌లో మాట్లాడొచ్చు కదా అని భువన మొదట్లో చెప్పి చూసింది. “తమిళం, తెలుగు అక్కచెల్లెళ్లు. చివర ఒక ‘ఉ’ తీసేస్తే వాళ్లకర్థమైపోతుంది,” అన్నాడు. గణపతి ప్రతిదానికీ “క్యాన్, క్యాన్” అంటాడు కాబట్టి ఆ సిద్ధాంతానికి ఇంతవరకూ ఎదురు లేకపోయింది.

మహీధర్ భువనని మండువా మూలకి లాక్కెళ్లాడు.

“మిస్ ఖూ వచ్చే టైమైంది. నా మాట విను. గణపతి పేరు చెప్పెయ్. కాంట్రాక్టర్ సొంతంగా పీకేశాడు, మాకు తెలీదు. అంతే. నీ లైసెన్సు భద్రం, ఇల్లు భద్రం.”

“అతని లైసెన్సు?”

“ఇంకో పని చూసుకుంటాడు. అతను అబద్ధమాడుతున్నాడు భువనా! పొద్దున్నుంచీ అరెస్టు కోసం వెతుకుతున్నాం, దొరికాడు. నా అనుభవంలో, నింద ఇంకొకడి మీదకి నెట్టేవాడే అసలు దొంగ.”

భువన గణపతిని చూసింది. అతను లారీ దగ్గర నిలబడి, కోసిన మెట్ల మీద దుప్పటి సరిగ్గా కప్పుతున్నాడు, వాటికి చలేస్తుందేమో అన్నట్టు. అతని పేరు చెప్పడం తేలిక. ఎంత తేలికో ఆమెకి తెలుస్తూనే ఉంది. పుంగ్గోల్‌లో ఇరుకు గదిలో పెద్దమ్మాయి బాత్రూంలో కూర్చుని చదువుకోవడం గుర్తొచ్చింది. కొన్ని క్షణాలపాటు మొగుడు చెప్పింది ఎంతో సబబుగా అనిపించింది. అతను చెప్పింది సబబుగా అనిపించడమే ఆమెని ముందు భయపెట్టింది.

మిస్ ఖూ వచ్చింది. సన్నగా, చేతిలో టాబ్లెట్‌తో, గట్టి బూట్లతో. గోడ మీద మచ్చని చూసింది. లారీలో మెట్లని చూసింది. తలెత్తి కంతలోకి చూసింది. కంతలోంచి లీలావతి చేతులు జోడించింది.

“ఆవిడెవరు?” ఇంగ్లిష్‌లో అడిగింది మిస్ ఖూ.

“మా అత్తగారు.”

“ప్లాన్‌లో లేరే.”

“లేరు. మెట్లు తీసినప్పుడు పైన ఉండిపోయారు.”

మిస్ ఖూ టాబ్లెట్‌లో ప్లాన్‌ని ముందుకీ వెనక్కీ జరిపి చూసింది. ఆవిడ ఉద్యోగంలో చాలా చూసి ఉంటుంది. కానీ పురాతన కట్టడం పైఅంతస్తులో అత్తగారు మిగిలిపోవడం ఇదే మొదలనిపించింది.

“భువన, ఈ మెట్లకి పూచీ పడింది మీరు. తియ్యమని మీరు చెప్పారా?”

“లేదు.”

“మరెవరు? ఎవరూ చెప్పకుండా మెట్లు వాటంతటవే లారీ ఎక్కవు లా. నాకొక పేరు కావాలి. మీ దగ్గర లేకపోతే మీ పేరే రాస్తాను.”

మహీధర్ గొంతు సవరించుకున్నాడు. గణపతి తల దించుకున్నాడు. అఖ్తర్ తన వరండాలోంచి మెడ సాచాడు. సరిగ్గా అప్పుడు పైనుంచి కేక వచ్చింది.

“అమ్మాయ్ భువనా! అధికారులతో మాటలు తర్వాత. నేను బాత్రూముకెళ్లాలి!”

పైన బాత్రూం పగలగొట్టి వారమైంది. గణపతి ఎగిరిపడ్డాడు. ఫోన్ తీసి, సందు చివర నిచ్చెనతో ఉన్న తన మనిషికి తమిళంలో అరిచాడు.

“డేయ్! ఏణి కొండా డా! పాట్టి మేలే మాట్టికిట్టాంగ! ఇప్పో అవసరమా! అవసరమా!”

భువనకి ఒళ్లు మండింది. పెద్దావిడ పైనుండి మొత్తుకుంటుంటే ఇప్పుడవసరమా అంటాడేమిటి? ఆ ప్రశ్న తనకీ అప్పుడప్పుడు కలగకపోలేదు గానీ, ఇలా పైకి అనడం మర్యాద కాదు.

లీలావతి కూడా వింది. “ఏవిట్రా గణపతీ, అవసరమా అంటావేంటి? అవసరం కాకపోతే నేనిక్కడే బామ్మల మ్యూజియం పెట్టుకోనా?”

“ఆమా పాట్టీ, అవసరం, రొంబ అవసరం!” అన్నాడు గణపతి ఆదుర్దాగా, అవునవునని తలాడిస్తూ.

అతని మనిషి నిచ్చెన భుజాన వేసుకుని, చెప్పులూడిపోతున్నా ఆగకుండా పరుగెత్తుకొచ్చాడు. అవసరమా అంటే ఆగిపోవాలి గానీ ఇలా పరిగెత్తడమేమిటి?

భువన గణపతి దగ్గరికి వెళ్లింది.

“గణపతీ, ఇందాక అతనికేం చెప్పావు?”

“ఏణి తీసుకురా అని మేడమ్. నిచ్చెన.”

“చివర్లో. అవసరమా అన్నావు.”

“ఆమా. క్విక్ క్విక్ అని. అర్జెంటుగా రా అని.” అతను బిత్తరపోయి చూశాడు. “అవసరం అంటే అర్జెంట్ కదా మేడమ్?”

“తమిళంలోనా?”

“తమిళంలో. తెలుగులో వేరేనా?”

“తెలుగులో అవసరం అంటే కావాలి అని. ‘ఇప్పుడవసరమా?’ అంటే...” భువన ఆగి, మొగుడివైపు చూసింది. “వద్దని.”

“వద్దనా!” గణపతి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. “ఐయో! నేను మెట్లు తీయాలా అని అడిగితే సార్ ‘ఇప్పో అవసరమా’ అన్నారు. ఇప్పుడే, అర్జెంటుగా అని! సార్ అంత గట్టిగా చెప్పారని యూ టీలో ఇంకొకళ్ల వంటిల్లు సగంలో వదిలి వచ్చాను మేడమ్. చాయ్ కూడా తాగలేదు!”

“దానికి నేను సాక్షి,” అన్నాడు అఖ్తర్ వరండాలోంచి.

మహీధర్ మొహంలో రంగులు ఒకదాని తర్వాత ఒకటి దిగిపోయాయి. పొద్దున్నుంచి అతను వెతుకుతున్న మనిషి దొరికాడు, అది తనే. అవకాశం ఉన్నవాడు, మెట్లు తీసే అధికారం ఉన్నవాడు, అబద్ధమాడని వాడు. అబద్ధం ఎవరిదీ కాదు కాబట్టి మూడో ప్రశ్న దగ్గరే అతని విచారణ దారి తప్పింది.

“ఏమంటున్నారు?” అడిగింది మిస్ ఖూ, వాళ్ల మొహాలు మార్చి మార్చి చూస్తూ. “పేరు దొరికిందా?”

మహీధర్ ఒక అడుగు ముందుకేసి భువన మోచెయ్యి పట్టుకున్నాడు. గొంతులో ఇందాకటి అధికారి లేడు.

“భువనా, గణపతి పేరు చెప్పు. పొరపాటే కదా. నా పేరు రాస్తే, నేను చేసే ఉద్యోగంలో... ఫ్రాడ్ హెడ్ మీద ఎంక్వయిరీ అంటే... ఇదంతా ఈవిడ ముందు పెట్టడం ఇప్పుడు అవ...”

మాట గొంతులోనే ఆగిపోయింది. గణపతి మనిషి ఆ సగం మాటకే ఉలిక్కిపడి నిచ్చెన ఇంకా వేగంగా ఎత్తి నిలబెట్టాడు.

పైన లీలావతి చీర కుచ్చెళ్లు దోపుకుని మొదటి మెట్టు మీద పాదం పెట్టింది. గణపతి పరుగెత్తి రెండు చేతులతో నిచ్చెన కింద పట్టుకున్నాడు. ఆ రెండు చేతులూ ఖాళీగా లేవు కాబట్టి, ఎవరైనా అతని పేరు చెబితే అడ్డుపెట్టుకోవడానికి అతని దగ్గర ఏమీ మిగల్లేదు. అతను భువన వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు. బతిమాలలేదు.

భువన మోచెయ్యి విడిపించుకుంది.

“తెలిసింది, మిస్ ఖూ,” అంది. “ఆర్డరిచ్చింది ఇంటి ఓనరే. కాంట్రాక్టర్ తప్పేం లేదు, తనకి చెప్పినట్టు చేశాడు. మెట్లు తిరిగి నిలబెట్టే సంగతి నేను చూసుకుంటాను, కోసినవన్నీ అతికిస్తాను. మీరు రాసుకోవాల్సిన పేరు మాత్రం నాది కాదు.”

“ఓనర్ పేరు?”

“ఒరేయ్, ఎవర్రా అది?” నిచ్చెన మధ్యలో ఆగి అడిగింది లీలావతి.

భువన అత్తగారికీ, అధికారికీ, పక్కింటి వరండాకీ ఒకేసారి వినబడేట్టు చెప్పింది.

“మహీధర్. మా ఆయన.”